పవర్ ప్లేన్ నాయిస్, ఈఎంఐ (ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇంటర్‌ఫియరెన్స్): కెపాసిటర్లు అంటించే ముందు కరెంటు తిరిగొచ్చే దారి చూడండి

ఒక నాలుగు లేయర్ల బోర్డు చేశాం. ఒక మైక్రోకంట్రోలర్, ఒక ఈథర్నెట్ చిప్, 12 వోల్టుల్ని 3.3కి దించే బక్ కన్వర్టర్, అంతే, పెద్ద గొప్ప డిజైనేం కాదు. టేబుల్ మీద పెడితే చక్కగా పనిచేసింది. బోర్డు గాల్లోకి ఎంత రేడియో నాయిస్ చిమ్ముతుందో కొలిచే ఎమిషన్స్ టెస్టుకి తీసుకెళ్లి చాంబర్లో పెట్టాక 250 మెగాహెర్ట్జ్ దగ్గర సూదిలాంటి పీక్ ఒకటి లిమిట్ గీత మీద 8 డీబీ ఎత్తున లేచి కూర్చుంది. అప్పుడు నేను చేసిన పని ఏంటంటే అందరూ చేసేదే, దొరికిన చోటల్లా 100 నానోఫారడ్ కెపాసిటర్లు అంటించడం, అవి పన్నెండు అయ్యాయి, తర్వాత 1 నానోఫారడ్‌వి ఇంకొన్ని. పీక్ ఒక్క డీబీ కూడా కదల్లేదు. రోగం ఒకచోట ఉంటే మందు ఇంకోచోట పూస్తున్నాను అని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. అసలు తప్పు ఏంటో మధ్యలో చెప్తాను, ముందు ఆ రెండు రోజుల్లో, ఆ తర్వాత చేసిన బోర్డుల్లో నేర్చుకున్నది వరసగా చెప్పేస్తా.

మొదట ఒక్క విషయం బుర్రలోకి ఎక్కితే మిగతాది సులువు. కరెంటు ఎప్పుడూ లూప్‌లోనే తిరుగుతుంది, వెళ్లిన ప్రతి కరెంటూ బయల్దేరిన చోటికి తిరిగి రావాల్సిందే. మనం స్కీమాటిక్‌లో గ్రౌండ్ గుర్తు పెట్టి వదిలేస్తాం కాబట్టి వెళ్లే దారి మాత్రమే కనిపిస్తుంది, తిరిగొచ్చే దారి గురించి ఎవడూ పట్టించుకోడు. కొన్ని కిలోహెర్ట్జ్ వరకు ఆ తిరుగు కరెంటు రెసిస్టెన్స్ తక్కువ ఉన్న దారి చూసుకుని ప్లేన్ (ఒక లేయర్ నిండా పరిచిన రాగి) అంతా పరుచుకుని వస్తుంది, కానీ మెగాహెర్ట్జ్‌లోకి వచ్చేసరికి దానికి ఇండక్టెన్స్ తక్కువ ఉన్న దారే కావాలి, అంటే సరిగ్గా ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) కింద నీడలాగా అంటుకుని వస్తుంది. ఆ నీడకి దారి తెగిపోతే చుట్టూ తిరిగి వస్తుంది, లూప్ పెద్దదవుతుంది, పెద్ద లూప్ అంటే యాంటెన్నా. పవర్ ప్లేన్ నాయిస్ కూడా ఇదే కథ, కాకపోతే అక్కడ లూప్ చిప్‌కీ కెపాసిటర్‌కీ మధ్య ఉంటుంది.

ఇంకోటి, క్లాక్ ఫ్రీక్వెన్సీ తక్కువే కదా అని ధీమాగా ఉండొద్దు. స్పెక్ట్రమ్ ఎంత దూరం పాకుతుందనేది ఎడ్జ్ ఎంత వేగంగా లేస్తుందో దాని మీదే ఉంటుంది. 1 నానోసెకండులో లేచే ఎడ్జ్‌కి లెక్క, అంటే 1ని పై, రైజ్ టైమ్ రెండింటి గుణకారంతో భాగిస్తే, 318 మెగాహెర్ట్జ్ వస్తుంది, అంతవరకు హార్మోనిక్స్ నెమ్మదిగానే తగ్గుతాయి, అక్కడ దాటాకే గట్టిగా పడిపోతాయి. క్లాక్ 1 మెగాహెర్ట్జ్ అయినా సరే చిప్ కొత్త తరానిదైతే ఎడ్జ్ మాత్రం నానోసెకండు లోపే ఉంటుంది.

స్టాకప్ దగ్గరే సగం పని

పార్టులు పెట్టడం మొదలుపెట్టకముందే లేయర్ల వరస, వాటి మధ్య దూరం తేల్చుకోండి, తర్వాత ఏం చేసినా ఇది మారదు. మామూలుగా ఫ్యాబ్ (బోర్డు తయారుచేసే) వాళ్లు ఇచ్చే 1.6 మిల్లీమీటర్ల నాలుగు లేయర్ల బోర్డులో పైన కింద 0.2 చుట్టుపక్కల ప్రీప్రెగ్ (లేయర్లని అతికించే పల్చటి పొర), మధ్యలో 1.1 చుట్టుపక్కల మందపాటి కోర్ ఉంటాయి. పుస్తకాల్లో చూసి రెండో లేయర్ గ్రౌండ్, మూడో లేయర్ పవర్ అని పెట్టేస్తాం, రెండు ప్లేన్లు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి మంచి కెపాసిటర్ వచ్చేసిందని సంబరపడతాం. లెక్క వేసి చూడండి. ఎఫ్‌ఆర్4 (బోర్డు చేసే ఫైబర్‌గ్లాస్ పదార్థం) డైఎలెక్ట్రిక్ కాన్‌స్టాంట్ 4.2 అనుకుంటే 1.1 మిల్లీమీటర్ల దూరానికి చదరపు సెంటీమీటరుకి వచ్చేది 3.4 పికోఫారడ్లు. 50 చదరపు సెంటీమీటర్ల బోర్డు మొత్తానికి కలిపి 170 పికోఫారడ్లు. దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

అదే ఆ దూరాన్ని 0.1 మిల్లీమీటర్‌కి తెస్తే చదరపు సెంటీమీటరుకి 37 పికోఫారడ్లు వస్తాయి. అసలు లాభం కెపాసిటెన్స్ కూడా కాదు, ఇండక్టెన్స్. ప్లేన్ల జతలో కరెంటు పారేటప్పుడు ఒక చదరానికి పడే ఇండక్టెన్స్ వాటి మధ్య దూరానికి నేరుగా ముడిపడి ఉంటుంది, 0.1 మిల్లీమీటర్‌కి 0.13 నానోహెన్రీ, 1.1కి దాదాపు 1.4. అంటే పదకొండు రెట్లు. పల్చటి జత ఉంటే కెపాసిటర్ కాస్త దూరంగా ఉన్నా నడుస్తుంది, మందపాటి జత ఉంటే మాత్రం కెపాసిటర్ చిప్ పిన్ పక్కనే ఉండి తీరాలి, సెంటీమీటర్ దూరం పోయిందంటే పెట్టినా పెట్టకపోయినా ఒకటే. "కెపాసిటర్ పిన్‌కి దగ్గరగా పెట్టాలా, అంత అవసరం లేదా" అని ఇద్దరు గొడవపడుతుంటే, వాళ్ల బోర్డుల స్టాకప్ అడగండి, చాలాసార్లు ఇద్దరూ కరెక్టే అయి ఉంటారు.

నాలుగు లేయర్లే అంటే ఇప్పుడు నేను పవర్ ప్లేన్ అనే మాటే వదిలేశాను. రెండో లేయరూ గ్రౌండే, మూడో లేయరూ గ్రౌండే, పైనా కిందా సిగ్నల్స్‌తో పాటే పవర్‌ని వెడల్పాటి రాగి పోర్‌లుగా పోసుకుంటాను. అప్పుడు ప్రతి ట్రేస్ కిందా 0.2 మిల్లీమీటర్ల దూరంలో తెగని గ్రౌండ్ ఉంటుంది, పవర్ పోర్‌కి కూడా అంతే దూరంలో గ్రౌండ్ ఉంటుంది. ఆరు లేయర్లకి వెళ్లే బడ్జెట్ ఉంటే పవర్, గ్రౌండ్ రెండింటినీ పక్కపక్క లేయర్లలో 0.1 దూరంలో పెట్టించి, ఆ జతని పెద్ద చిప్ ఉన్న వైపుకి దగ్గరగా ఉంచండి, మధ్యలో లోతుగా పాతిపెడితే వయా (లేయర్లని కలిపే రాగి పూత రంధ్రం) పొడవే ఆ లాభాన్ని తినేస్తుంది. ఏదైనా ఫ్యాబ్ వాళ్లని స్టాకప్ డ్రాయింగ్ అడిగి తీసుకోండి, మనం ఊహించుకున్న మందం వాళ్ల దగ్గర ఉండకపోవచ్చు.

డీకప్లింగ్: విలువ కాదు, అమర్చే తీరు

చిప్ పక్కన కెపాసిటర్ పెట్టి దాని కరెంటు అవసరాన్ని అక్కడే తీర్చడమే డీకప్లింగ్. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే ఎక్కువమంది పప్పులో కాలేసేది ఇక్కడే.

100 నానోఫారడ్ కెపాసిటర్ ఒకటి తీసుకోండి. దాని సొంత ఇండక్టెన్స్, ప్యాడ్ నుంచి వయా దాకా ఉన్న చిన్న ట్రేస్, వయా అన్నీ కలిపి 1 నానోహెన్రీ అనుకుందాం, ఇది బాగా అమర్చినప్పటి మాట. దాని రెజొనెన్స్ 16 మెగాహెర్ట్జ్ దగ్గర. ఆ పైన అది కెపాసిటర్ కాదు, ఇండక్టరే. 100 మెగాహెర్ట్జ్ దగ్గర దాని ఇంపీడెన్స్ 0.61 ఓమ్. సరే చిన్న విలువ పెడితే హై ఫ్రీక్వెన్సీలో బాగా పనిచేస్తుంది కదా అని అదే సైజులో, అదే అమరికలో 1 నానోఫారడ్ పెట్టామనుకోండి, అదే 100 మెగాహెర్ట్జ్ దగ్గర లెక్క 0.96 ఓమ్ వస్తుంది. మెరుగవలేదు సరికదా ఇంకా చెడింది. 159 దగ్గర మాత్రం అది బాగా కిందకి దిగుతుంది, నిజమే. కానీ ఆ రెండింటినీ పక్కపక్కన పెడితే 100 నానోఫారడ్‌ది అప్పటికే ఇండక్టర్ అయిపోయి, 1 నానోఫారడ్‌ది ఇంకా కెపాసిటర్‌గానే ఉండి, రెండూ కలిసి ఒక ట్యాంక్ సర్క్యూట్ అవుతాయి, దాని పీక్ 113 మెగాహెర్ట్జ్ దగ్గర. అక్కడ ఇంపీడెన్స్ విడివిడిగా ఉన్నప్పటికంటే పెరుగుతుంది. దీన్నే యాంటీ రెజొనెన్స్ అంటారు. మీ క్లాక్ హార్మోనిక్ సరిగ్గా అక్కడే పడిందంటే మూలిగే నక్క మీద తాటిపండు పడ్డట్టే.

అందుకే నా పద్ధతి ఏంటంటే ఒక చిప్ చుట్టూ ఒకే విలువ, ఒకే సైజు ఎక్కువ సంఖ్యలో, 0402 అనే చిన్న సైజులో దొరికే పెద్ద విలువ, 100 నానోఫారడ్ కానీ 1 మైక్రోఫారడ్ కానీ, ఆ తర్వాత బల్క్‌కి 10 లేదా 22 మైక్రోఫారడ్లు ఒకటి రెండు, అంతే. 10 నానో, 1 నానో, 100 పికో అని మెట్లుమెట్లుగా పెట్టే పాత అలవాటుకి ఒక కారణం ఉండేది, అప్పట్లో చిన్న విలువ అంటే చిన్న ప్యాకేజీ, చిన్న ప్యాకేజీ అంటే తక్కువ ఇండక్టెన్స్. ఇప్పుడు అన్ని విలువలూ ఒకే సైజులో దొరుకుతున్నప్పుడు ఆ మెట్ల వల్ల మిగిలేది యాంటీ రెజొనెన్స్ పీకులే.

మరి ఆ 1 నానోహెన్రీని ఎలా తగ్గించాలి? ప్యాడ్ నుంచి వయాకి సన్నటి ట్రేస్ లాగొద్దు, మిల్లీమీటరుకి అర నానోహెన్రీ దరిదాపుల్లో పోతుంది. వయాని ప్యాడ్‌కి ఆనుకునేలా పెట్టండి, చివర్లో కాదు, ప్యాడ్ పక్కలకి, పవర్ వయా, గ్రౌండ్ వయా ఒకే వైపున దగ్గరదగ్గరగా ఉండేలా, అప్పుడు వాటిలో ఎదురెదురుగా పారే కరెంటు ఒకదాని ఫీల్డ్‌ని ఇంకోటి కొట్టేస్తుంది. చోటుంటే రెండేసి వయాలు వేయండి. రెండు కెపాసిటర్లు కలిసి ఒకే గ్రౌండ్ వయాని పంచుకోవడం మాత్రం చేయొద్దు, లేఅవుట్‌లో ముచ్చటగా కనిపిస్తుంది కానీ ఒకదాని నాయిస్ ఇంకోదానికి అంటుతుంది.

ఇంకో మోసం డీసీ బయాస్. ఎక్స్5ఆర్, ఎక్స్7ఆర్ సెరామిక్ కెపాసిటర్ల విలువ దాని మీద వోల్టేజ్ పెరిగేకొద్దీ పడిపోతుంది, చిన్న సైజులో పెద్ద విలువ ఉన్నవి మరీ ఘోరం. 6.3 వోల్టుల రేటింగ్ ఉన్న 0402 సైజు 10 మైక్రోఫారడ్ ఒకటి 5 వోల్టుల లైన్ మీద పెట్టారంటే చాలావాటిలో సగం కంటే ఎక్కువే పోతుంది. తయారీదారు వెబ్‌సైట్లో ప్రతి పార్ట్ నంబర్‌కీ బయాస్ కర్వ్ ఉంటుంది, ఒక్క నిమిషం పని, చూసి పెట్టండి.

ఎన్ని కెపాసిటర్లు కావాలి అనేదానికి టార్గెట్ ఇంపీడెన్స్ అని ఒక లెక్క ఉంది. వోల్టేజ్‌ని అనుమతించే రిపుల్ శాతంతో గుణించి, ఒక్కసారిగా మారే కరెంటుతో భాగించాలి. 1.2 వోల్టులు, 5 శాతం, 2 ఆంపియర్ల మార్పు అయితే 30 మిల్లీఓమ్‌లు. రెగ్యులేటర్ బ్యాండ్‌విడ్త్ నుంచి కొన్ని పదుల మెగాహెర్ట్జ్ వరకు ఈ గీత కింద ఉండాలి. ఆ పైన బోర్డు మీద మీరేం పెట్టినా చిప్ ప్యాకేజీ ఇండక్టెన్స్ అడ్డం వస్తుంది, అక్కడ పని చేయాల్సింది ప్యాకేజీ లోపలి కెపాసిటెన్సూ, డై (చిప్ లోపలి సిలికాన్ ముక్క) మీదున్న కెపాసిటెన్సూ. కాబట్టి 500 మెగాహెర్ట్జ్ దగ్గర కోర్ సప్లై నాయిస్‌ని బోర్డు కెపాసిటర్‌తో చంపేస్తా అనుకోవడం వృథా ప్రయాస. అయితే ఆ నాయిస్ ప్లేన్‌లోకి దూకి బోర్డు అంచుల దాకా పోకుండా చూడడం మన చేతిలోనే ఉంది. 10 సెంటీమీటర్ల పొడవున్న ప్లేన్ జత 730 మెగాహెర్ట్జ్ దగ్గర గంటలా మోగుతుంది, దాన్ని తట్టేది ఎవరో వెతకండి.

ఫెరైట్ బీడ్ (పవర్ లైన్‌లో సిరీస్‌గా పెట్టి హై ఫ్రీక్వెన్సీ నాయిస్‌ని ఆపే పార్ట్) గురించి రెండు ముక్కలు. 600 ఓమ్‌లు అని రాసి ఉంటే అది 100 మెగాహెర్ట్జ్ దగ్గర మాత్రమే, అది కూడా కరెంటు ఏమీ పారనప్పుడు. లోడ్ కరెంటు పెరిగితే బీడ్ శాచురేట్ అయి ఆ విలువ గణనీయంగా పడిపోతుంది. పైగా బీడ్, దాని వెనక ఉన్న సెరామిక్ కెపాసిటర్ కలిసి కొన్ని వందల కిలోహెర్ట్జ్, కొన్ని మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అయ్యే ప్రమాదం ఉంది, మీ బక్ స్విచింగ్ ఫ్రీక్వెన్సీ అక్కడే ఉంటే నాయిస్ తగ్గడం మాట అటుంచి పెరుగుతుంది. పీఎల్ఎల్ (క్లాక్ తయారుచేసే సర్క్యూట్), ఏడీసీ (అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చేది) రిఫరెన్స్ లాంటి తక్కువ కరెంటు తాగేవాటికి బీడ్ వాడండి, పక్కన ఒక పెద్ద కెపాసిటర్‌కి 1 ఓమ్ దరిదాపుల్లో సిరీస్ రెసిస్టర్ పెట్టి డ్యాంపింగ్ ఇవ్వండి. డిజిటల్ కోర్ సప్లైకి మాత్రం అడ్డంగా పెట్టొద్దు, ఆ చిప్‌కి ఒక్కసారిగా కరెంటు కావాల్సినప్పుడు దాని పీక నొక్కినట్టే.

నా బోర్డులో దొంగ దొరికిన చోటు

250 అంటే 50కి ఐదో హార్మోనిక్. ఈథర్నెట్ చిప్‌కి వెళ్లే రిఫరెన్స్ క్లాక్ 50 మెగాహెర్ట్జ్. చిప్‌ని రీసెట్‌లో పట్టి ఉంచినా పీక్ పోలేదు, కంట్రోలర్‌లో ఆ క్లాక్ అవుట్‌పుట్‌ని ఫర్మ్‌వేర్‌లో ఆపేస్తే ఠక్కున పోయింది. సరే, క్లాక్ ట్రేస్ అని తేలింది. ట్రేస్ పొట్టిదే, నాలుగు సెంటీమీటర్లు, కానీ కింది లేయర్లో ఉంది. దాని పైనున్న మూడో లేయర్ పవర్ ప్లేన్, దాన్ని నేను 3.3 వోల్టులు, 1.8 వోల్టులు అని రెండు ముక్కలుగా కోశాను, ఆ ట్రేస్ సరిగ్గా ఆ కోత మీదుగా దాటుతోంది. సిగ్నల్ లేయర్లు మాత్రమే ఆన్ చేసుకుని రూటింగ్ చేశాను కాబట్టి నా కంటికి పడనేలేదు.

ఏం జరుగుతుందో చూడండి. తిరుగు కరెంటు మూడో లేయర్ మీద నీడలాగా వస్తూ కోత దగ్గరికి వచ్చి ఆగిపోతుంది, అవతలి ముక్కకి దూకడానికి దారి లేదు, కాబట్టి దొరికిన కెపాసిటర్ పట్టుకుని 1.1 మిల్లీమీటర్ల మందం దాటి గ్రౌండ్‌కి ఎక్కి, అవతల ఇంకో కెపాసిటర్ పట్టుకుని మళ్లీ దిగాలి. ఆ ప్రయాణంలో అది పవర్, గ్రౌండ్ ప్లేన్ల మధ్య ఖాళీని 250 మెగాహెర్ట్జ్‌తో తడుతూ పోతుంది. ఆ రెండు ప్లేన్ల మధ్య వోల్టేజ్ ఊగితే కనెక్టర్ దగ్గర గ్రౌండ్ కూడా ఊగుతుంది, కనెక్టర్‌కి కేబుల్ తగిలించి ఉంది, ఇంకేం కావాలి.

నిర్ధారించుకోవడానికి చేసిన పని ఇది, మీరూ చేయొచ్చు. క్లాక్ ట్రేస్‌ని రెండు చివర్లలో బ్లేడుతో కోసి, అగ్గిపుల్ల కంటే సన్నగా ఉండే కోయాక్స్ ముక్క ఒకటి దాని బదులు సోల్డర్ చేశాం, షీల్డ్‌ని రెండు చివర్లా దగ్గర్లోని గ్రౌండ్‌కి అతికించాం. సోల్డర్ మాస్క్ గీకి రాగి తేల్చడానికే అరగంట పట్టింది, చేతులు వణుకుతుంటే ఇంకాస్త. మళ్లీ చాంబర్లో పెడితే 250 దగ్గర పీక్ 14 డీబీ దిగింది. ఒక్క కెపాసిటర్ కూడా కొత్తగా పెట్టలేదు.

కాబట్టి నియమం ఏంటంటే ప్లేన్‌లో కోత ఉంటే దాని మీదుగా ఏ ట్రేస్ కూడా దాటకూడదు. తప్పనిసరైతే ఆ దాటే చోట పక్కనే రెండు ముక్కల మధ్య ఒక కెపాసిటర్ పెట్టండి, కానీ అది సర్దుబాటే, దాని ఇండక్టెన్స్ దానికి ఎలాగూ ఉంటుంది. అనలాగ్ గ్రౌండ్, డిజిటల్ గ్రౌండ్ అని ప్లేన్‌ని రెండుగా కోయడం కూడా నేను మానేశాను. ఒకటే గ్రౌండ్ ఉంచి, అనలాగ్ పార్టులు ఒక పక్క, డిజిటల్ ఒక పక్క పెట్టి, డిజిటల్ ట్రేసులు అనలాగ్ పేటలోకి పోకుండా చూసుకుంటే చాలు, కరెంటు ఎక్కడివి అక్కడే ట్రేస్ కింద తిరుగుతాయి. ఐసోలేషన్ కావాల్సిన చోట, మెయిన్స్ లాంటివి, అది వేరే సంగతి, అక్కడ కోత ఉండాల్సిందే.

ట్రేస్ లేయర్ మారినప్పుడు కూడా ఇదే గొడవ. పై లేయర్ నుంచి కింది లేయర్‌కి వయా వేశారంటే రిఫరెన్స్ ప్లేన్ (తిరుగు కరెంటు పారే ప్లేన్) కూడా మారుతుంది. రెండూ గ్రౌండ్ ప్లేన్లే అయితే ఆ వయా పక్కనే ఒక గ్రౌండ్ వయా వేస్తే అయిపోయింది, ఖర్చేం లేదు. ఒకటి గ్రౌండు, ఒకటి పవర్ అయితే మధ్యలో కెపాసిటర్ కావాలి, దానికి దాని ఇండక్టెన్స్. నాలుగు లేయర్లలో రెండు గ్రౌండ్లు అని పైన అంత గట్టిగా చెప్పింది ఇందుకే. బోర్డు అంచుల చుట్టూ, ఖాళీ ఉన్న చోటల్లా గ్రౌండ్ వయాలు కుట్టండి, దూరం మీరు భయపడే ఫ్రీక్వెన్సీ వేవ్‌లెంగ్త్‌లో ఇరవయ్యో వంతు ఉండాలి, 1 గిగాహెర్ట్జ్‌కి ఎఫ్‌ఆర్4లో అది 7 మిల్లీమీటర్లు. పవర్ ప్లేన్‌ని అంచు నుంచి లోపలికి లాగమనే 20హెచ్ రూల్ ఒకటి తిరుగుతూ ఉంటుంది, దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు, కుట్టు వయాలకి చోటు దొరుకుతుందనే తప్ప.

క్లాక్ లాంటి లైన్లకి డ్రైవర్ పిన్ దగ్గరే 22 లేక 33 ఓమ్‌ల సిరీస్ రెసిస్టర్ పెట్టండి, రిసీవర్ దగ్గర కాదు. మొదటి బోర్డులో వద్దనుకుంటే 0 ఓమ్ పెట్టుకోండి, ప్యాడ్ ఉంటే తర్వాత మార్చుకోవచ్చు. కంట్రోలర్‌లో పిన్ డ్రైవ్ స్ట్రెంగ్త్, స్లూ రేట్ సెట్టింగ్స్ ఉంటాయి, చాలామంది డీఫాల్ట్‌గా ఫుల్ స్పీడ్‌లో వదిలేస్తారు, ఒక ఎల్‌ఈడీని వెలిగించే పిన్‌కి అంత వేగం ఎందుకు చెప్పండి.

బక్ కన్వర్టర్

స్విచింగ్ సప్లై ఉంటే దాని ఇన్‌పుట్ కెపాసిటర్, పై స్విచ్, కింది స్విచ్, తిరిగి కెపాసిటర్ గ్రౌండ్, ఈ లూప్‌ని హాట్ లూప్ అంటారు, కరెంటు నానోసెకండ్లలో తెగేది, మొదలయ్యేది ఇందులోనే. అవుట్‌పుట్ వైపు ఇండక్టర్ ఉంటుంది కాబట్టి అక్కడ కరెంటు మెల్లగానే మారుతుంది, అయినా ఎందుకో అందరూ అవుట్‌పుట్ కెపాసిటర్లనే ముద్దుగా చూసుకుంటారు. లేఅవుట్‌లో మొట్టమొదట పెట్టాల్సింది ఇన్‌పుట్ సెరామిక్ కెపాసిటర్, చిప్ పిన్లకి ఎదురుగా, అదే లేయర్లో, మధ్యలో వయా లేకుండా. కింద వెంటనే తెగని గ్రౌండ్ ప్లేన్. స్విచ్ నోడ్ (రెండు స్విచ్‌లూ ఇండక్టర్‌తో కలిసే చోటు) రాగిని ఇండక్టర్‌కి కరెంటు మోయడానికి ఎంత కావాలో అంతే ఉంచండి, అది పెద్దదైతే వేడి తగ్గుతుందేమో గానీ ఎలక్ట్రిక్ ఫీల్డ్ చల్లే పలక అవుతుంది.

ఇంత చేసినా స్విచ్ నోడ్ మీద రింగింగ్ మిగిలితే స్నబ్బర్ (రింగింగ్‌ని అణిచే రెసిస్టర్, కెపాసిటర్ జత) పెట్టాలి, విలువలు మాత్రం గాల్లోంచి తేవొద్దు. ముందు స్కోప్‌లో రింగింగ్ ఫ్రీక్వెన్సీ చూడండి, 150 మెగాహెర్ట్జ్ అనుకుందాం. స్విచ్ నోడ్ నుంచి గ్రౌండ్‌కి చిన్న కెపాసిటర్లు మార్చి మార్చి పెడుతూ ఆ ఫ్రీక్వెన్సీ సరిగ్గా సగానికి, 75కి, ఎప్పుడు దిగుతుందో చూడండి, 300 పికోఫారడ్ దగ్గర దిగిందనుకోండి. ఫ్రీక్వెన్సీ సగమైందంటే మొత్తం కెపాసిటెన్స్ నాలుగు రెట్లయినట్టు, అంటే అక్కడ అప్పటికే ఉన్న దొంగ కెపాసిటెన్స్ 100 పికోఫారడ్లు. దాన్నిబట్టి లూప్ ఇండక్టెన్స్ 11 నానోహెన్రీలు అని లెక్క తేలుతుంది, ఇండక్టెన్స్ బై కెపాసిటెన్స్‌కి వర్గమూలం తీస్తే 10.6 ఓమ్. కాబట్టి 10 ఓమ్‌ల రెసిస్టర్, దానికి సిరీస్‌లో 330 పికోఫారడ్. రెసిస్టర్‌లో కాలేది 12 వోల్టుల దగ్గర 500 కిలోహెర్ట్జ్‌కి పాతిక మిల్లీవాట్ల లోపే, పర్వాలేదు. పై స్విచ్‌ని నడిపే బూట్ కెపాసిటర్‌కి సిరీస్‌లో కొన్ని ఓమ్‌లు పెట్టినా పై స్విచ్ మెల్లగా ఆన్ అయి రింగింగ్ తగ్గుతుంది, ఎఫిషియెన్సీ కాస్త తగ్గుతుందనుకోండి.

కేబులే యాంటెన్నా

బోర్డు సైజు పది సెంటీమీటర్లుంటే 300 మెగాహెర్ట్జ్ లోపల అది సొంతంగా పెద్దగా రేడియేట్ చేయలేదు, ఆ పని కేబుల్ చేస్తుంది. ఒక మీటర్ కేబుల్‌లో 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రోఆంపియర్ల కామన్ మోడ్ (తీగలన్నిట్లో ఒకే దిక్కున పారే) కరెంటు పారితే 3 మీటర్ల దూరంలో మీటరుకి 105 మైక్రోవోల్టుల ఫీల్డ్ వస్తుంది, అమెరికా ఎఫ్‌సీసీ క్లాస్ బి లిమిట్ అక్కడ 100. అవును, మైక్రోఆంపియర్లే. మామూలు మల్టీమీటర్‌కి అది సున్నా.

అందుకని కనెక్టర్లన్నీ వీలైనంతవరకు బోర్డుకి ఒకే అంచున పెట్టండి, రెండు వైపులా పెడితే మధ్యలో గ్రౌండ్ మీద పడే వోల్టేజ్ రెండు కేబుళ్లనీ డైపోల్‌లాగా నడుపుతుంది. మెటల్ డబ్బా ఉంటే కనెక్టర్ షెల్ చుట్టూరా డబ్బాకి తగలాలి, రెండు సెంటీమీటర్ల పిగ్‌టెయిల్ తీగతో కలిపితే హై ఫ్రీక్వెన్సీలో షీల్డ్ ఉన్నా లేనట్టే. బయటికెళ్లే ప్రతి తీగకీ కామన్ మోడ్ చోక్ కానీ, చిన్న కెపాసిటర్ కానీ కనెక్టర్ ముఖద్వారం దగ్గరే ఉండాలి, ఫిల్టర్ దాటాక మళ్లీ నాయిస్ ఉన్న పేటలో ఆ ట్రేస్‌ని తిప్పారంటే ఫిల్టర్ దండగ.

కొలవడం

స్కోప్ ప్రోబ్‌కి ఉండే పది సెంటీమీటర్ల మొసలి క్లిప్ తీగ దాదాపు 100 నానోహెన్రీలు, ప్రోబ్ కెపాసిటెన్స్ 10 పికోఫారడ్‌తో కలిసి 159 మెగాహెర్ట్జ్ దగ్గర అదే మోగుతుంది. మీరు చూసే రింగింగ్ బోర్డుదో ప్రోబ్‌దో తెలియదు. ఒక చిన్న పరీక్ష, ప్రోబ్ కొననీ, గ్రౌండ్ క్లిప్‌నీ రెండింటినీ ఒకే గ్రౌండ్ పాయింట్‌కి తగిలించండి, సున్నా రావాలి, రాలేదంటే కనిపిస్తున్నదంతా ఆ తీగ లూప్ పట్టుకున్నదే. స్ప్రింగ్ గ్రౌండ్ వాడండి, ఇంకా బాగా కావాలంటే కెపాసిటర్ ప్యాడ్ల మీదే కోయాక్స్ ముక్క సోల్డర్ చేసి స్కోప్‌ని 50 ఓమ్‌లలో పెట్టి, మధ్యలో డీసీ బ్లాక్ ఒకటి పెట్టండి.

చాంబర్‌కి వెళ్లకముందే పట్టుకోవడానికి నియర్ ఫీల్డ్ ప్రోబ్ మీరే చేసుకోవచ్చు. కోయాక్స్ చివర మధ్య తీగని సెంటీమీటర్ వెడల్పు రింగులా వంచి షీల్డ్‌కి అతికించి, షార్ట్ అవకుండా పైన హీట్ ష్రింక్ తొడిగితే అదే ప్రోబ్. చవక రకం టైనీఎస్‌ఏ లాంటి స్పెక్ట్రమ్ ఎనలైజర్‌కి తగిలించి బోర్డు మీద మెల్లగా జరుపుతూ, రింగుని తిప్పుతూ చూడండి, కరెంటు ఏ దిక్కున పారుతోందో కూడా తెలుస్తుంది. నా బోర్డు మీద తర్వాత ఇలా చూస్తే క్లాక్ ట్రేస్ మీద కంటే ఆ కోత పొడవునా సిగ్నల్ ఎక్కువ కనిపించింది, ముందే చూసుంటే రెండు రోజులు మిగిలేవి. కేబుల్ కరెంటుకైతే క్లిప్‌లా మూసుకునే ఫెరైట్‌లో నాలుగు చుట్లు తీగ చుట్టి ఎనలైజర్‌కి ఇచ్చి, కేబుల్‌ని ఆ ఫెరైట్‌లోంచి పోనిస్తే ముందు, తర్వాత తేడా చూసుకోవడానికి సరిపోతుంది.

పవర్ ప్లేన్ ఇంపీడెన్స్ చూడాలంటే నానోవీఎన్‌ఏ (చవక రకం నెట్‌వర్క్ ఎనలైజర్) చాలు. రెండు పోర్టులనీ ఒకే పవర్, గ్రౌండ్ జతకి తగిలించి ఎస్21 (ఒక పోర్టు నుంచి ఇంకోదానికి చేరే సిగ్నల్ నిష్పత్తి) చూడాలి, ఇంపీడెన్స్ చిన్నగా ఉన్నప్పుడు దాని విలువ ఎస్21కి 25 రెట్లు, అంటే 30 మిల్లీఓమ్‌లకి మైనస్ 58 డీబీ. బోర్డుకి పవర్ తీసేసి కొలవండి, అయితే అప్పుడు కెపాసిటర్ల మీద బయాస్ ఉండదు కాబట్టి నిజం కంటే అందంగా కనిపిస్తుంది, ఆ సంగతి గుర్తుంచుకోండి. కొన్ని వందల కిలోహెర్ట్జ్ కింద రెండు కేబుళ్ల షీల్డుల్లో పారే కరెంటు లెక్క తప్పిస్తుంది, ఒక కేబుల్‌ని పెద్ద ఫెరైట్ రింగుకి నాలుగైదు చుట్లు చుట్టండి.

రెండో రివిజన్‌లో మూడో లేయర్‌ని పూర్తి గ్రౌండ్ చేసేశాం, 1.8 వోల్టుల్ని పై లేయర్లో చిన్న పోర్‌గా పోశాం, క్లాక్‌ని పై లేయర్లోకి తెచ్చి డ్రైవర్ దగ్గర 33 ఓమ్‌లు పెట్టాం, కనెక్టర్ చుట్టూ వయాలు కుట్టాం. 250 దగ్గర పీక్ గీతకి 7 డీబీ కింద ఆగింది. 150 దగ్గర ఇంకోటి కాస్త ఎక్కువే ఉంది, అది గీతకి 4 డీబీ కిందే, దాన్ని అలాగే వదిలేశాం. నేను అంటించిన ఆ పన్నెండు కెపాసిటర్లలో ఒక్కదానికి కూడా కొత్త బోర్డులో ప్యాడ్ పెట్టలేదు.